మంచి సమరయుణ్ణి ఏ4 సైజులో కొనకండి

ఫ్రెంచి చిత్రకారుడు రొడాల్ఫ్ బ్రెస్డిన్ 1861లో గీసిన ‘మంచి సమరయుడు’ లిథోగ్రాఫుకు (అంటే రాయి మీద గీసి అచ్చువేసిన బొమ్మకు) ప్రస్తుతం మా ఇంట్లో రెండు నకళ్లు ఉన్నాయి. ఒకటి నా పుట్టినరోజుకు మా అబ్బాయి తెప్పించినది. ఏ4 సైజు, నల్ల ఫ్రేముతో కలిపి 38 యూరోలు. రెండోది నేను పట్టుబట్టి వేరే దుకాణంలో అసలు సైజులో అచ్చు వేయించుకున్నది. ఫ్రేము లేకుండా 90 యూరోలు. రెండూ ఆన్‌లైన్ దుకాణాలే. మొదటిదానికి ఒక్క నక్షత్రం, అదీ ప్యాకింగ్ బాగున్నందుకు. రెండోదానికి నాలుగు. దుకాణాల పేర్లు రాయడం లేదు. పాత బొమ్మలకు నకళ్లు అమ్మేవాళ్లలో ఎక్కువమంది సరుకు ఈ రెండు రకాల్లో ఏదో ఒకటిగా ఉంటుంది. పేర్లకంటే ఏం చూసి కొనాలో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. గుంటూరు జిల్లాలో ప్రభుత్వ హైస్కూళ్లలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. చాలామంది పిల్లల చేత లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు రాయించాను. ఆదివారాలు మా లూథరన్ చర్చిలో సండే స్కూలు చెప్పేదాన్ని. ఇప్పుడు ఫ్రాన్సులోని తులూజ్‌లో విమానాల కంపెనీలో పనిచేసే మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పాళీతో గీత గీయడం ఎంత కష్టమో తెలుసు, లూకా సువార్త పదో అధ్యాయమూ తెలుసు. కాబట్టి ఈ బొమ్మ గురించి మాట్లాడే అధికారం నాకు కాస్త ఉందనే అనుకుంటున్నాను.

ఆ అధ్యాయంలో యేసు చెప్పిన మంచి సమరయుడి కథ తెలియనివాళ్ల కోసం ఒకసారి చెప్పేస్తాను. యెరూషలేము నుంచి యెరికోకు పోతున్న ఒక మనిషిని దొంగలు పట్టుకుని, బట్టలు దోచుకుని, కొట్టి, కొనప్రాణంతో దారిలో వదిలేస్తారు. యాజకుడు అటుగా వచ్చి, చూసి, పక్కనుంచి పోతాడు. దేవాలయంలో సేవ చేసే లేవీయుడూ అంతే. యూదులు దగ్గరికి రానివ్వని సమరయుడు మాత్రం ఆగుతాడు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కడతాడు. తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్ల ఇంటికి చేరుస్తాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరుగు ప్రయాణంలో ఇస్తానని చెప్పి వెళతాడు.

సండే స్కూలు చార్టుల్లో ఈ కథ ఎలా ఉంటుందో చర్చికి వెళ్లి పెరిగినవాళ్లెవరూ మరిచిపోరు. ఇసుక దారి, రెండు బండరాళ్లు, ఒక గాడిద, ఎర్ర తలపాగాతో సమరయుడు. చార్టంతా ఆయనే. వెనక వరసలో కూర్చున్న పిల్లకు కూడా కనబడాలి కాబట్టి అలా వేయడాన్ని తప్పు పట్టను. బ్రెస్డిన్ బొమ్మలో మాత్రం సమరయుణ్ణి మనమే వెతుక్కోవాలి.

మొదట కనబడేది అడవి. అది ఏ దేశపు అడవో చెప్పడం ఎవరి తరమూ కాదు. తాటి జాతి చెట్లున్నాయి, వాటిని ఆనుకునే ఓక్ చెట్లున్నాయి, వాటి మధ్య ఆకు ఒక్కటీ లేని మోడులున్నాయి. వేళ్లేవో, కొమ్మలేవో తెలియకుండా మెలితిరిగిన మొద్దులున్నాయి. యెరికో దారి రాళ్ల గుట్టల దారి, అక్కడ ఇవేవీ మొలవవు. మొలిచినా ఒకే నేలలో, ఒకే రుతువులో ఇన్ని కలిసి పెరగవు. బ్రెస్డిన్‌కు ఆ పట్టింపు లేదు. పాలస్తీనా ముఖం ఎరగడు, ఎరగాలనీ అనుకోలేదు. కొమ్మల్లో కోతుల్ని కూర్చోబెట్టాడు. నీడల్లో గుడ్లగూబల్ని దాచాడు. ఎక్కడ వేలు పెట్టినా ఆ చోట ఏదో ఒక ప్రాణి మనవైపు చూస్తూ ఉంటుంది, లేదంటే మనల్ని పట్టించుకోకుండా తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

ఈ చిక్కటి అల్లిక మధ్యలో కొంచెం చోటు తెరుచుకుంటుంది. అక్కడ జీను కట్టిన ఒంటె నిలబడి ఉంది. ఒంటె దగ్గర, దెబ్బలు తిన్న మనిషి మీదికి వంగిన తలపాగా మనిషి. వాళ్లిద్దరూ కలిసి బొమ్మలో ఆక్రమించిన చోటు నా అరచేతికి సరిపోతుంది. వాళ్ల వెనక దూరంగా నీళ్లు. నీళ్ల అవతల మెట్లు మెట్లుగా పైకెక్కిన నగరం. దాని మీద ఉబ్బిన మబ్బులు, మబ్బుల్లో పక్షులు.

ముఖ్యమైన వస్తువును పెద్దదిగా, అడ్డం లేకుండా వేయండి అని పిల్లలకు కాంపోజిషన్ పాఠంలో చెప్పేదాన్ని. ఆ లెక్కన బ్రెస్డిన్ హయ్యర్ గ్రేడ్ పరీక్ష తప్పేవాడు. కానీ ఈ బొమ్మ ముందు కూర్చుంటే పాఠం పక్కన పెట్టాల్సి వస్తుంది. చూపు ముందు వెలుతురున్న చోటికి, అంటే ఆకాశంలోకి పోతుంది. అక్కడి నుంచి నగరం మీదికి, నీళ్ల మీదికి దిగి, ఒంటె మూపు దగ్గర ఆగుతుంది. ఒంటెను చూశాకే మనుషులు కనబడతారు. యాజకుడూ లేవీయుడూ ఎందుకు ఆగలేదో ఇక్కడ వేరే చెప్పనక్కర్లేదు. ఇంత అడవిలో, ఇంత గొడవలో పడి ఉన్న మనిషిని చూడాలంటే ఎవరైనా సరే నడక ఆపి చూడాలి. బొమ్మ చూసేవాళ్లనూ అదే పరీక్షకు పెట్టాడు. చార్టులో సమరయుడు మనకోసం పోజిచ్చి నిలబడతాడు. ఇక్కడ ఆయన చేస్తున్న పనికి కోతులు తప్ప సాక్షులు లేరు.

ఇక ఒంటె సంగతి. సువార్తలో వాహనం అనే ఉంది, గాడిద అని కూడా లేదు. ఒంటె ఎందుకొచ్చిందో తెలియాలంటే ఈ బొమ్మ అసలు పేరు తెలియాలి. 1861లో పారిస్ సలోన్ ప్రదర్శనకు దీన్ని పంపినప్పుడు పెట్టిన పేరు ‘క్రైస్తవుణ్ణి ఆదుకుంటున్న అబ్దుల్ ఖాదిర్’. అల్జీరియాను ఆక్రమించిన ఫ్రెంచి సైన్యంతో 1832 నుంచి 1847 దాకా పోరాడిన ఎమిర్, అంటే ముస్లిం నాయకుడు, ఆయన. లొంగిపోతే తూర్పు దేశాలకు పోనిస్తామని మాటిచ్చి, తీరా లొంగిపోయాక ఫ్రాన్సుకు తీసుకొచ్చి ఖైదులో పెట్టారు. 1852లో గానీ వదల్లేదు. తర్వాత డమాస్కస్‌లో స్థిరపడ్డాడు. 1860 జూలైలో ఆ ఊళ్లో క్రైస్తవుల ఊచకోత మొదలైనప్పుడు తన మనుషుల్ని వెంటబెట్టుకుని వీధుల్లోకి వెళ్లి, వేలమందిని తన ఇంట్లో చేర్చి కాపాడాడు. ఖైదు చేసిన ఫ్రాన్సే ఆయనకు లెజియన్ ఆఫ్ ఆనర్ పతకం పంపింది. ఆ మరుసటి సంవత్సరమే ఈ బొమ్మ.

యేసు ఈ కథ చెప్పిన రోజున వింటున్నవాళ్లకు ‘సమరయుడు’ అన్న పేరు గుచ్చుకుని ఉంటుంది. 1861లో ఫ్రెంచివాళ్లకు అబ్దుల్ ఖాదిర్ పేరూ కొంచెం గుచ్చుకునే ఉంటుంది. నిన్నటిదాకా తమతో యుద్ధం చేసిన ముస్లిం తమ మతంవాళ్లను కాపాడాడు మరి. నేను విన్న ప్రసంగాల్లో చాలావరకు, సమరయుడు అంటే యేసే అని ముగిసిపోయేవి. మనకు సరిపడని మనిషి పేరు పెట్టి ఆ చోట నిలబెట్టే ధైర్యం చేసిన పాస్టరుగారిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆయన్ని ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండనివ్వలేదు.

మొదటి దుకాణంవాళ్లు ఫ్రేము వెనక అంటించిన చీటీలో ఈ సంగతి ఒక్కటీ లేదు. ‘బైబిలు దృశ్యం, ఎన్‌గ్రేవింగ్, 19వ శతాబ్దం’ అని ఉంది. ఇది ఎన్‌గ్రేవింగ్ కాదు, లిథోగ్రాఫ్. అమ్మే సరుకు ఏమిటో అమ్మేవాడికి తెలియకపోతే ఎట్లా?

ఈ తేడా పండితుల గొడవ అనుకోకండి, నకలు బాగుంటుందా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది. ఎన్‌గ్రేవింగ్‌లో రాగిరేకును ఉలితో తొలిచి, ఆ గాడిలో ఇంకు నింపుతారు. లిథోగ్రాఫులో తొలవడం లేదు. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు ఇంకుతో బొమ్మ గీస్తారు. జిగురూ ఆమ్లమూ కలిపిన నీళ్లు పూసి ఆ గీతను రాయికి పట్టిస్తారు. తర్వాత రాయిని తడిపి రోలరుతో ఇంకు పట్టిస్తే, జిడ్డు ఉన్నచోట అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటుకోదు. 1790ల చివర్లో బవేరియాలో సెనెఫెల్డర్ కనిపెట్టిన ఉపాయం ఇది. చాలామంది చిత్రకారులు రాయి మీద మెత్తటి జిడ్డు సుద్దముక్కతో గీసేవారు. పెన్సిల్ షేడింగ్ లాంటి బూడిద రంగు దానికి వస్తుంది. బ్రెస్డిన్ ఇక్కడ పాళీ పట్టాడు. దాదాపు బొమ్మంతా పాళీ పనే.

పాళీ పని అంటే ఏమిటో ఇండియన్ ఇంకు సీసాలో నిబ్బు ముంచినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గీత ఉంటుంది, లేదా ఉండదు. మధ్యలో ఇంకేమీ లేదు. అందుచేత ఈ బొమ్మలో బూడిద రంగు అనేదే లేదు. మీకు బూడిదగా కనబడేదంతా నల్ల గీతల మధ్య వదిలిన కాగితం. మబ్బు నీడకు గీతలు ఎడంగా, చెట్టు తొర్రకు గీతలు దగ్గరగా. తొర్రలోపల కూడా కాగితం పూర్తిగా మూసుకుపోదు, సూది మొనంత తెలుపు మిగులుతుంది. ఆ తెలుపుల వల్లే చీకట్లో గుడ్లగూబ కనబడుతుంది. పైగా రాయి మీద కుడిఎడమలు తారుమారుగా గీయాలి. తప్పు గీత పడితే రబ్బరు లేదు, రాయిని గీకాల్సిందే. 56 సెంటీమీటర్ల ఎత్తు, 44 వెడల్పు ఉన్న బొమ్మను ఈ పద్ధతిలో నింపాడంటే ఆ మనిషి ఓపికకు దణ్ణం పెట్టాలి. నా క్లాసులో ఒక అరటాకు షేడింగ్ చేయమంటేనే పిల్లలు బెల్లు వైపు చూసేవారు.

అసలు ప్రతిని నేను చూశాను. పారిస్‌లో ర్యూ ద సేన్ వీధి, ఆ చుట్టుపక్కల సందులు పాత అచ్చుబొమ్మల దుకాణాలకు పేరుపడ్డవి. అందులో ఒక దుకాణంలో ఇది ఉందని తెలిసి మా అబ్బాయిని లాక్కువెళ్లాను. కొనే ముఖాలు కావని దుకాణదారుకు చూడగానే తెలిసిపోయింది. అయినా ‘మా అమ్మ డ్రాయింగ్ టీచరు’ అని మావాడు చెప్పేసరికి ఆయన పెద్ద సొరుగులోంచి బొమ్మ తీసి బల్ల మీద పరిచి, భూతద్దం చేతికిచ్చి, ముట్టుకోకుండా ఎంతసేపైనా చూసుకోమన్నాడు. పలుచటి చైనా కాగితం మీద అచ్చువేసి, దాన్ని మందపాటి కాగితానికి అంటించిన ప్రతి అది. ఆ పలుచ కాగితానికి లేత రంగు ఉంటుంది, అందువల్ల ఆకాశం వట్టి తెలుపుగా కాక కొంచెం వెచ్చగా కనబడింది. భూతద్దం కింద ఒంటె జీను కుచ్చుల దగ్గర చూస్తే ఒక్కొక్క పోగుకు ఒక్కొక్క గీత. దెబ్బలు తిన్న మనిషి ఒంటి మీద మాత్రం గీతలు తక్కువ. ఆ మనిషి చుట్టూ ఉన్న గడ్డీగాదం అంతా పోగు పోగుగా గీసి, మనిషిని దాదాపు ఖాళీ కాగితంగా వదిలాడు. అడవంతటిలో అంత ఖాళీ ఒంటి చర్మానికీ ఆకాశానికీ మాత్రమే దక్కింది.

‘‘అమ్మా, రైలు టైమవుతోంది’’ అన్నాడు మావాడు.

‘‘రైలు మళ్లీ ఇంకోటి ఉంటుంది నాన్నా. నువ్వు కూర్చో.’’

ధర ఎంతని అడగలేదు. అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకు?

ఇప్పుడు ఏ4 నకలు గురించి. 56, 44 కొలతలున్న బొమ్మను ఏ4లోకి తెస్తే రెండు నష్టాలున్నాయి. మొదటిది, ఏ4 కాగితం ఈ బొమ్మకంటే సన్నని ఆకారం. కాగితమంతా నిండాలంటే పక్కలు కోయాలి. వీళ్లు కోశారు. లెక్కవేస్తే వెడల్పులో సుమారు పదో వంతు పోయింది. పోయింది ఖాళీ అంచు అయితే సరే, కానీ ఇది అంచుదాకా గీసిన బొమ్మ. రెండు పక్కలా ఉన్న చెట్లే కదా మధ్యలో ఆ తెరపిని తెరపిగా నిలబెట్టేది! రెండోది, బొమ్మ వైశాల్యం నాలుగో వంతుకు కాస్త పైన మిగులుతుంది. గీతలన్నీ సగానికి సన్నబడతాయి, గీతల మధ్య తెలుపూ సగానికి తగ్గుతుంది. మామూలు ప్రింటరు ఆ సందుల్ని నిలబెట్టలేదు, ఇంకు పాకి మూసుకుపోతుంది. ఇది చాలదన్నట్టు కాంట్రాస్టు పెంచి వదిలారు. చెట్ల నీడలన్నీ కాటుక పూసినట్టు అయిపోయాయి. గుడ్లగూబలు లేవు. కోతుల్లో కొన్నింటికి తోకలు మిగిలాయి, కోతులు లేవు. ఒంటె మాత్రం ఉంది. ఇంటికి వచ్చిన మా అబ్బాయి స్నేహితుడు ఒకడు గోడ మీద చూసి ‘‘రాజస్థానా ఆంటీ?’’ అని అడిగాడు. అతని తప్పు లేదు.

పైగా పాతబడ్డట్టు కనబడాలని కాగితానికి టీ రంగు పులిమారు. పాత బొమ్మ పాతదిగా ఉండడానికి దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. దుకాణానికి మావాడి చేత ఉత్తరం రాయించాను. వాళ్ల జవాబు మర్యాదగానే వచ్చింది: ‘ఈ డిజైను మా కస్టమర్లకు చాలా ఇష్టమైనది’ అని. పక్కలు ఎందుకు కోశారన్న ప్రశ్నకు జవాబు లేదు. పద్నాలుగు రోజుల్లో తిప్పి పంపవచ్చన్నారు. కొడుకు ఇచ్చిన కానుకను తిప్పి పంపే అలవాటు మాకు లేదు కనుక ఉంచుకున్నాను. వంటింటి నడవాలో ఉంది.

రెండో నకలు వేరే దుకాణంలో. దీన్ని ఆర్డరు పెట్టేముందు మూడు సంగతులు అడిగించాను, మీరూ అడగండి. ఒకటి, ఏ ఫైలు నుంచి అచ్చు వేస్తారు? ఈ బొమ్మ ప్రతులు పెద్ద మ్యూజియంల దగ్గర ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ 2017లోనూ, క్లీవ్‌లాండ్ మ్యూజియం 2019లోనూ కాపీరైటు తీరిన తమ బొమ్మల ఫోటోలను ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాక, ఇలాంటి దుకాణాలకు పంట పండింది. అదేం తప్పు కాదు, కానీ మ్యూజియం ఇచ్చిన పెద్ద ఫైలు వాడాలి, ఎవరో కుదించి పెట్టినది కాదు. రెండు, ఫైలు ఎన్ని పిక్సెళ్లు? అసలు సైజులో గీతలు చెదరకుండా రావాలంటే, అంగుళానికి 300 చొప్పున ఎత్తు వైపు 6,600, వెడల్పు వైపు 5,200 దాకా ఉండాలి. అంతకంటే బాగా తక్కువైతే సైజు పెంచి ప్రయోజనం లేదు. మూడు, ఏ కాగితం? నిగనిగలాడే ఫోటో కాగితం వద్దే వద్దు. మెరుపు లేని కాటన్ కాగితం, పిగ్మెంట్ ఇంకు కావాలి. వీళ్లు మూడింటికీ సూటిగా జవాబిచ్చారు. ఫైలు కొలతలు అంకెలతో సహా పంపారు. అప్పుడే సగం నమ్మకం కుదిరింది.

అట్ట గొట్టంలో, పలుచటి కాగితం చుట్టి వచ్చింది. బల్ల మీద పరిచి నాలుగు మూలలా పుస్తకాలు పెట్టి ఒక రోజు అలాగే ఉంచాను. భూతద్దం పెట్టి చూస్తే ఇది లిథోగ్రాఫు కాదని తెలిసిపోతుంది. గీత అంచున ప్రింటరు చల్లిన చుక్కలు కనబడతాయి. అసలు ప్రతిలో గీత అంచు ఒక్క కోతగా ఉంటుంది. తొర్రల్లో సూది మొన తెలుపులు చాలావరకు ఉన్నాయి, బాగా చిక్కటి చోట్ల మాత్రం కొన్ని మూసుకుపోయాయి. కానీ మామూలుగా, మోచేతి దూరంలో నిలబడి చూస్తే ఇది పనిచేస్తుంది. చూపు ఆకాశం నుంచి నగరానికి, నీళ్లకు, ఒంటెకు, మనుషులకు అదే వరసలో దిగింది. నా మనవరాలు దీని ముందు స్టూలు వేసుకుని కోతుల్ని లెక్కపెడుతుంది. ప్రతిసారీ లెక్క మారుతోందని నాతో గొడవ. మనుషులు ఉన్నారని ఆమె గమనించడానికి కొంతకాలం పట్టింది. గమనించాక ‘‘ఆయనకేమైంది నాయనమ్మా?’’ అంది. కథ అప్పుడు చెప్పాను, అడిగాక. చార్టుతో నేను ఎప్పుడూ కథ ముందు చెప్పి బొమ్మ తర్వాత చూపించేదాన్ని.

అయిదో నక్షత్రం ఎందుకు ఇవ్వలేదంటే, అంచు. బొమ్మ చుట్టూ ఒక సెంటీమీటరు కాగితమే వదిలారు. ఫ్రేము కట్టేటప్పుడు మౌంటు అట్ట కాగితం మీదికి కొంచెం ఎక్కాలి. సెంటీమీటరులో అది ఎక్కితే అంచున గాలి ఆడదు, కొంచెం జారితే బొమ్మ మీదికే వస్తుంది. అసలు ప్రతులకు చక్కగా వెడల్పు అంచు ఉంటుంది. కాగితం ఖరీదు మిగుల్చుకోవాలంటే ధరలో మూడు యూరోలు పెంచుకోవచ్చు, అంచు తగ్గించకూడదు. ఆఖరికి మౌంటు నేనే కోసుకున్నాను. అద్దం మామూలుది వేయిస్తే కిటికీ ప్రతిబింబం పడి ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు, మార్పించి మెరుపు లేని అద్దం వేయించాల్సి వచ్చింది. ప్రింటు కంటే అద్దానికే ఎక్కువైంది. మీరు కొంటే మొదటే ఆ ఖర్చు కలుపుకోండి. ఎండ నేరుగా పడే గోడకు తగిలించకండి. కంటి ఎత్తులో తగిలించండి, సోఫా మీద ఎత్తున కాదు. ఇది దూరం నుంచి చూసి బాగుందనుకునే బొమ్మ కాదు, ముక్కు ఆనించి చూసే బొమ్మ.

ఎవరికి నచ్చదో కూడా చెప్పాలి. ఇంటికి ప్రశాంతంగా ఉండే బైబిలు బొమ్మ కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. మా తులూజ్ తెలుగు ప్రార్థన కూటానికి వచ్చే ఒకావిడ దీన్ని చూసి ‘‘భయంగా ఉంది అక్కా, ఆ మోడులేమిటి?’’ అంది. నిజమే, ఈ అడవిలో దొంగలు ఇంకా ఉన్నారేమో అనిపిస్తుంది.

గీసినవాడి గురించి కొంచెం. బ్రెస్డిన్ 1822లో లువార్ నది ఒడ్డున పుట్టాడు. తండ్రి తోళ్లు పదును చేసేవాడు. బొమ్మలు వేయడం ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్చుకోలేదు. పారిస్‌లో ఎంత దరిద్రం అనుభవించాడంటే, ఒక రచయిత దాని మీద కథే రాసి పేరు తెచ్చుకున్నాడు. బొమ్మలు గీసినవాడికి మాత్రం అన్నం పుట్టలేదు. 1850లలో చాలాకాలం మేమున్న ఈ తులూజ్ పరిసరాల్లోనే బతికాడు. తర్వాత బోర్డోలో ఒడిలాన్ రెడాన్ అనే కుర్రవాడికి అచ్చుబొమ్మల పని నేర్పాడు. ఆ రెడాన్ తన తొలి బొమ్మల్లో కొన్నింటి మీద ‘బ్రెస్డిన్ శిష్యుడు’ అని సంతకం చేసుకున్నాడు. తర్వాత గురువుకంటే వంద రెట్లు పేరు తెచ్చుకున్నాడు. 1873లో బ్రెస్డిన్ పెళ్లాంబిడ్డలతో కెనడా వెళ్లాడు. అక్కడా కలిసిరాక 1877లో తిరిగి వచ్చాడు. 1885లో పారిస్ పక్కన సెవ్ర్‌లో పోయాడు. తులూజ్‌లో నేను అడిగినవాళ్లెవరికీ ఆయన పేరు తెలియదు.

రెండో దుకాణంవాళ్ల జాబితాలో ఆయన మరో లిథోగ్రాఫు, 1854 నాటి ‘మృత్యు ప్రహసనం’ కూడా ఉంది. పుర్రెలు, ఎముకలగూళ్లు, పాడుబడ్డ చెట్లు. వంటింటి నడవాలోకి పనికిరాదని మా కోడలు ముందే చెప్పేసింది. అసలు బొమ్మే 22 సెంటీమీటర్ల ఎత్తు, 15 వెడల్పు, కాబట్టి దాన్ని ఏ4 కాగితం మీద అసలు సైజులో వేయించుకోవచ్చు, అంచుకు చోటు కూడా మిగులుతుంది. ఆర్డరు పెట్టేటప్పుడు అంచు వెడల్పు ఎంతో ఈసారి రాతపూర్వకంగా అడుగుతాను.